పెద్దాయన కాలు

ఒక్క జారుడులో రెండు కాళ్ళు విరిగాయి. ఒకటి నా తమ్ముడు యౌరిది. రెండోది మా వంశానికి మూలపురుషుడైన చౌకాది. చౌకా చనిపోయి ఎంతకాలమైందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా అమ్మమ్మని అడిగితే, వాళ్ళ అమ్మమ్మకి కూడా తెలియదని చెప్పింది. మేమంతా ఆయన్ని పెద్దాయన అంటాం.

వానలు మొదలయ్యే నెలలో చనిపోయిన పెద్దలందర్నీ గుహలోంచి బయటికి తీసి, కొత్త బట్టలు చుట్టి, ఊరి నడిమి బయల్లో కూర్చోబెట్టి, వాళ్ళ ముందు కల్లు పోసి ఆడతాం, పాడతాం. మిగతావాళ్ళని ఎవరి మనవలు వాళ్ళు వీపున వేసుకుని తెచ్చేస్తారు. పెద్దాయనకి మాత్రం పల్లకీ కావాలి. ఎండిపోయిన మనిషి, ఆయన బరువేమీ ఉండదు. బరువంతా బట్టలదే. ఆ ఏడు ముందు కొమ్ము యౌరి పట్టాడు, వెనక కొమ్ము మా ఆయన పోమా పట్టాడు.

పల్లకీకి ముందు లక్సా మామ దారి ఊడుస్తూ నడుస్తాడు. లక్సా మామ అంటే పెద్దాయన నోరు. పెద్దాయన అన్నది మాకు చెబుతాడు, మేం అడిగింది పెద్దాయనకి చెబుతాడు. ఆ పని ఆయన తండ్రి చేశాడు, తాత చేశాడు. ఆ పొద్దున చినుకులు పడుతున్నాయి. కొత్త బట్టలు తడుస్తాయని లక్సా మామ తొందరపెట్టాడు. వాగు మెట్లు దాటి వస్తున్న చోట పాకుడు పట్టి ఉంది. యౌరి కాలు ముందుకి పోయింది, ఒళ్ళు వెనక్కి పడింది, పల్లకీ పక్కకి ఒరిగింది.

రెండు చప్పుళ్ళు వినిపించాయి. ఒకటి ఎండు కట్టె విరిగినట్టు, ఇంకొకటి పచ్చి కట్టె విరిగినట్టు. ఎండు కట్టె చప్పుడైన వైపు ఊరంతా పరిగెత్తింది. నేనూ అటే పరిగెత్తాను.

యౌరి బురదలో పడి ఉండగానే తల ఎత్తి అడిగాడు. "పెద్దాయనకేం కాలేదు కదా?"

"కాలు విరిగిందిరా" అన్నాడు మా ఆయన.

"నాది కూడాననుకుంటా బావా" అన్నాడు వాడు, ఏదో తినకూడనిది తిన్నట్టు.

పెద్దాయన్ని బయలు పక్కనున్న రాతి కొట్టులోకి తీసుకెళ్ళి మెత్తటి గడ్డి మీద దించారు. యౌరిని అదే కొట్టు చూరు కింద, గుమ్మం బయట దించారు. అందరూ మా ఆయన వైపు చూశారు. మా ఆయన నెత్తిన బొటనవేలు పట్టేంత గుంట ఉంటుంది. ఒకప్పుడు పొరుగూరివాళ్ళతో నీళ్ళ గొడవలో వడిసెల రాయి తగిలి కళ్ళు తేలేశాడు. చుంపి అత్త నల్లరాతి పెచ్చుతో పుర్రె గీకి, లోపలికి దిగిన ముక్కలు ఏరి పారేసి, చర్మం మళ్ళీ కప్పేసింది. అప్పట్నుంచి మనిషి బాగానే ఉన్నాడు. కాకపోతే ఊళ్ళో ఏది కింద పడినా ముందు ఆయన వైపే చూస్తారు.

"నేను వెనక ఉన్నాను" అన్నాడు మా ఆయన. "జారింది ముందు."

అంతలో చుంపి అత్తే వచ్చింది. మా కొండల్లో ఎముకల పని తెలిసింది ఆవిడకే. పొట్టి మనిషి, వేళ్ళు మాత్రం మగాళ్ళ వేళ్ళంత లావు. యౌరి పక్కన గొంతుక్కూర్చుని, మోకాలి కింద నుంచి మడమ దాకా రెండు చేతులతో తడుముకుంటూ వెళ్ళింది. వాడు పళ్ళు బిగించి ఆకాశం చూశాడు.

"లావెముకా విరిగింది, సన్నెముకా విరిగింది. చర్మం చీలలేదు. ఆ మట్టుకు అదృష్టవంతుడివి. వాపు పొంగకముందే లాగి కూర్చోబెట్టాలి. పోమా, వీడి చంకల కింద పట్టుకో."

"ఆగు చుంపీ" అన్నాడు లక్సా మామ. "ముందు లోపలున్నాయన."

"లోపలున్నాయనకి వాపు రాదన్నా."

"పెద్దవాణ్ణి గడ్డిమీద పడేసి చిన్నవాడి కాలు కట్టిన ఊరు ఎక్కడైనా ఉందా?"

"ఆయన ఓర్చుకోగలడు. చాలాకాలంగా ఓర్చుకుంటున్నాడు."

"ఆయనకి నొప్పి లేదనుకున్నావా?"

"నాకేం తెలుసు? అడిగి చెప్పండి."

లక్సా మామ లోపలికి వెళ్ళాడు. పెద్దాయన మొహం మీది గుడ్డకి చెవి ఆనించి చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చినప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"చాలా నొప్పిగా ఉందంటున్నాడు" అన్నాడు.

లక్సా మామ దొంగ మనిషి కాదు. నచ్చని మాట చెప్పాల్సి వచ్చినా చెప్పేవాడు. ఒకసారి ఆయన కొడుకు పెళ్ళే వద్దని పెద్దాయన అంటే, ఆ మాటా అలాగే చెప్పి, కుదిరిన పెళ్ళి వదులుకున్నాడు. అందుకే ఊరు ఆయన మాట నమ్మేది.

"ముందు ఆయన్నే చూడత్తా" అన్నాడు యౌరి. "నేనే కదా పడేసింది."

చుంపి అత్త వాడి మొహం చూసింది, లక్సా మామ మొహం చూసింది, చుట్టూ నిలబడ్డ ఊరిని చూసింది. నొప్పి తెలియకుండా గుప్పెడు కోకా ఆకులు వాడి బుగ్గలో కుక్కి, నా వైపు తిరిగింది.

"టిక్లా, ఇలా రా. వీడి మడమ ఇలా పట్టుకుని నీ వైపు లాగి ఉంచు. నేనొచ్చేదాకా వదలకు. వదిలావంటే నీ వేళ్ళు విరిచి, మళ్ళీ నేనే కడతాను."

నేను గుమ్మం పక్కన గోడకి పాదాలు తన్నిపట్టి, తమ్ముడి మడమ లాగి పట్టుకుని కూర్చున్నాను. లోపల చుంపి అత్త, లక్సా మామ తప్ప ఎవరూ ఉండకూడదన్నారు. గుమ్మానికి తడక అడ్డం పెట్టారు. తడక అవతల నేనున్న సంగతి వాళ్ళు మరిచిపోయారు.

ముందు కుయ్ తిప్పాలన్నాడు లక్సా మామ. పొయ్యి పక్కన గడ్డి మేస్తూ కిచకిచమంటూ తిరిగే, తోకలేని పందికొక్కులాంటి కుయ్‌ని పట్టి రోగి ఒళ్ళంతా రుద్ది, కోసి చూస్తే, రోగికి ఎక్కడ చెడిందో దానికీ అక్కడే చెడి కనిపిస్తుంది. చుంపి అత్త పెద్దాయన ఒళ్ళంతా రుద్దిన చప్పుడు వినిపించింది. కుయ్ అరుపు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

"ఏముంది?" అన్నాడు లక్సా మామ.

"తేడా ఏమీ లేదు. బాగా మేసిన కుయ్."

"అంటే?"

"ఆయన ఆరోగ్యంగా ఉన్నాడని."

"కాలు విరిగిన మనిషి ఆరోగ్యంగా ఎలా ఉంటాడు?"

"మిగతా ఒళ్ళు, అన్నా."

బయట యౌరికి కోకా చాలలేదు. పెద్దాయన కోసం తెచ్చిన కల్లు ఇంక ఎవరు తాగుతారని, మా మరదలు కార్వా ముంత ముంతా తెచ్చి మొగుడి నోట్లో పోసింది. కార్వా ఏడవలేదు. ఏడిస్తే చేతులు వణికి కల్లు ఒలుకుతుందని తర్వాత చెప్పింది. కొంతసేపటికి వాడు పాట ఎత్తుకున్నాడు. పెద్దాయన పాటే. మూటలు మోసే లామాలని రెండు భుజాల మీద రెండింటిని ఎత్తుకుని, మూడంగల్లో మంచుకనుమ దాటి వచ్చి మా ఊరికి పునాది రాయి వేసిన చౌకా పాట. మా వాళ్ళెవరికైనా కల్లు పడితే మొదట వచ్చేది ఆ పాటే.

లోపల బట్టలు విప్పుతున్నారు. మా బట్టలు, మా అమ్మలు నేసిన బట్టలు, ఎవరు నేశారో తెలియని బట్టలు. చివరికి చుంపి అత్త గొంతు వినిపించింది.

"ఇదిగో, విరిగింది ఇక్కడ. పిక్క ఎముక. కొత్త విరుపు, తెల్లగా ఉంది. ఇది కట్టేస్తాను." చెయ్యి పైకి జరిపిందేమో, మళ్ళీ అంది. "తొడ ఎప్పుడు విరిగింది?"

"తొడ విరగలేదు."

"విరిగింది. ఈ బొడిపె చూడండి. వేలు పెట్టండి, ఏం కాదు. విరిగిన కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కి అతుక్కున్నాయి. చచ్చినవాడి ఎముక అతకదు. ఈయన బతికుండగానే విరిగింది. కట్టినవాళ్ళెవరో బాగానే కట్టారు, లాగటం మాత్రం సరిపోలేదు. ఈ కాలు ఆ కాలికన్నా పొట్టి. ఈయన కుంటేవాడు."

బయట మా తమ్ముడు 'మూడంగల్లో, మూడంగల్లో' దగ్గరకొచ్చాడు. అక్కడ పాట తిరిగి తిరిగి వస్తుంది.



"మీకెప్పుడూ చెప్పలేదా?" అంది చుంపి అత్త.

"అలాంటివి ఆయన మాట్లాడడు."

"సరే."

"చుంపీ, ఈ మాట బయటికి పోకూడదు. పాట ఉంది."

"నాకెందుకన్నా. నేను ఎముకలు కడతాను, పాటలు కట్టను."

ఆవిడ బయటికి వచ్చేసరికి నా చేతులు నావి కాకుండా పోయాయి. యౌరి పిక్క ఊది, చర్మం నున్నగా మెరుస్తోంది. చుంపి అత్త వేలితో నొక్కింది. వేలు గుంట అలాగే ఉండిపోయింది.

"పొద్దున్నయితే వెన్నలా కూర్చునేది" అంది. ఎవర్నీ చూసి అనలేదు.

మా ఆయన చంకల కింద పట్టాడు, ఇంకో ఇద్దరు నడుం పట్టారు, చుంపి అత్త లాగింది. యౌరి పాట ఆపాడు. అరిచిన అరుపుకి లామాలు దొడ్డి గోడ దూకి చెదిరిపోయాయి. వాటిని పోగేసుకురావడానికి మర్నాడంతా పట్టింది. ఆవిడ ఎంత లాగినా వాపు లోపల కొసలు పూర్తిగా ఎదురెదురు రాలేదు. చివరికి చెమట తుడుచుకుని, ఆకుపసరు ముద్ద పట్టించి, ఉన్ని చుట్టి, కిత్తనార కాండం చీల్చిన బద్దలు చుట్టూ పేర్చి కట్టింది.

"అతుకుతుంది. కొంచెం పొట్టవుతుందేమో. కదలకుండా పడుకో. కదిలితే నాకు తెలుస్తుంది."

వాడు పడుకున్నాడు. వానలన్నీ పడుకునే గడిపాడు. పడుకోబెట్టిన మనిషిని చూసుకోవడం ఎలా ఉంటుందో చూసుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కార్వా తిండి పెట్టేది, నేను కుండ పారబోసేదాన్ని. మా ఆయన సాయంత్రాలు వచ్చి పక్కన కూర్చుని, తన తల విరిగినప్పుడు తానెంత ఓపిగ్గా పడుకున్నాడో చెప్పేవాడు.

"నీకప్పుడు స్పృహ లేదు బావా" అనేవాడు యౌరి.

"అయితేనేం? కదిలానా?"

చుంపి అత్త అప్పుడప్పుడు వచ్చి వాడి కాలు నొక్కి చూసేది. ఇక్కడి నుంచి గుహకి వెళ్ళి పెద్దాయన కాలూ నొక్కి చూడాలని లక్సా మామ పట్టు. ఆవిడ వెళ్ళేది. కొండెక్కి, కట్టు తడిమి, కొండ దిగేది.

"ఎలా ఉంది?" అని లక్సా మామ అడిగేవాడు.

"అలాగే ఉంది."

"అలాగే అంటే?"

"ముదరలేదు."

ఈలోగా ఊళ్ళో ఇంకో గొడవ మొదలైంది. పెద్దల ఎముకలకి బాధ కలిగితే, దాని గాలి పిల్లల ఎముకలకి సోకుతుందని మాకు తెలుసు. మా అమ్మ చిన్నప్పుడు గుహ ముందు ఆడుకుంటూ ఏదో తొక్కి, ఆ గాలి సోకి, మోచెయ్యి బొడిపె కట్టి, బతికినంత కాలం చీము కార్చుకుంది. అందుకని ఆ వానల్లో ఎవరి నడుం పట్టేసినా, ఎవరి మెడ తిరక్కపోయినా, అందరూ పెద్దాయన కాలి వల్లే అన్నారు. చుంపి అత్త ఇంటి ముందు జనం ఆవిడకిచ్చే కట్టెలు మోసుకొచ్చి మరీ కూర్చునేవారు. వెన్ను వంగిపోయిన ముసలామె ఒకతి, తనకి ఆ రోజు నుంచే వంగిందని చెప్పింది. ఆమె వెన్ను నేను పుట్టకముందే వంగి ఉంది. చుంపి అత్త అందరికీ ఒకే పసరు రాసింది. చాలామందికి తగ్గింది.

వానలు తెరిపిచ్చాయి. బీడు విరిచే రోజులు దగ్గరపడ్డాయి. చుంపి అత్త యౌరి పిక్క మీద మెటికతో కొట్టి, చెవి పెట్టి విని, "అతికింది" అంది. "కట్టు విప్పేద్దాం."

ఆ మాట విని లక్సా మామ మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పెద్దాయన కాలు అతికిందా?"

"లేదు" అంది చుంపి అత్త.

"ఆయన లేవకముందు వీడు లేస్తాడా? పడేసినవాడు నడుస్తుంటే, పడ్డవాడు పడుకుని చూస్తాడా?"

"అన్నా, ఇంకా కట్టి ఉంచితే వీడి మోకాలు బిగుసుకుపోతుంది. ఎముక మిగులుతుంది, కాలు మిగలదు."

"ఆయన చెప్పకుండా నేను విప్పమనలేను."

ఊరి పెద్దలు కూడా అదే న్యాయమన్నారు. వయసులో పెద్దవాడు ముందు కోలుకోవాలన్నారు. కోలుకోకపోతే ఏం చెయ్యాలో ఎవరూ అనలేదు.

కార్వా లక్సా మామ వెనకే వీధిలోకి నడిచింది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. అందుకే వీధిలో వాళ్ళంతా పనులు ఆపి దగ్గరికి వచ్చి విన్నారు.

"మామా, బీడు విరిచేటప్పుడు ముందు ఎవరి పొలం విరుస్తాం?"

"పెద్దాయనదే. ఎప్పుడూ అంతే."

"ఆ పొలంలో మా ఇంటి తరఫున తొక్కుడు నాగలి పట్టాల్సింది ఎవరు?"

"నీ మొగుడు."

"ఏ కాలితో తొక్కమంటారు?"

లక్సా మామ తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన మాట తడుముకోవడం ఊరు అదే మొదటిసారి చూడటం.

నాకు కోపం వచ్చింది. తడక అవతల విన్నది అప్పటిదాకా మా ఆయనకి కూడా చెప్పలేదు. చెప్పాలనుకుంటే ఆ మధ్యాహ్నం చెప్పేసేదాన్ని, బయల్లో నిలబడి, అందరికీ వినిపించేలా. మీ మూడంగల పెద్దాయన కుంటివాడు అని. ఆ మాట నోట్లో పెట్టుకునే లక్సా మామ ఇంటికి వెళ్ళాను. ఆయన ఎండలో కూర్చుని తాడు పేనుతున్నాడు. మోకాళ్ళు ఉబ్బి గుమ్మడికాయల్లా ఉన్నాయి.

"మామా, ఆ రోజు నేను గుమ్మం పక్కనే ఉన్నాను" అన్నాను.

ఆయన తాడు ఆపలేదు. "తెలుసు. తర్వాత గుర్తొచ్చింది. మడమ పట్టుకున్నది నువ్వే కదా. ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

నిజానికి ఎందుకు చెప్పలేదో నాకూ తెలియదు.

"టిక్లా, నేను పిల్లాడిగా ఉన్నప్పటి నుంచి ఆయనతో మాట్లాడుతున్నాను" అన్నాడు లక్సా మామ. "మా నాన్న పోయిన రోజు కూడా ఆయన నాతో మాట్లాడాడు. ఆ రోజు, ఆ బొడిపె మీద వేలు పెట్టాక, ఆయన్ని అడిగాను. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని. ఆయన పలకలేదు. మర్నాడు వెళ్ళి అడిగాను, పలకలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ ఒక్క మాట లేదు. వాన గురించి అడిగినా లేదు."

"మరి మా గుమ్మంలో..."

"మీ గుమ్మంలో నేనేమన్నాను? ఆయన చెప్పకుండా విప్పమనలేనన్నాను. ఆయన వద్దన్నాడని నేనన్నానా?"

ఆలోచిస్తే నిజమే. అనలేదు.

"ఆయన విప్పమన్నాడని రేపు బయల్లో చెప్పడం నాకు చేతకాదా? చేతనవును. నాకు వినిపించనిది వినిపించిందని చెబితే, ఇంక నేనెవర్ని?"

నోట్లో పెట్టుకొచ్చిన మాట అక్కడ అనలేకపోయాను. తిన్నగా చుంపి అత్త దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ ఎవరిదో జారిన భుజం ఎక్కిస్తోంది. ఎక్కించాక చేతులు కడుక్కుని అంది.

"పెద్దాయన అన్నతో పలకకపోతే మానె. కాలు విరిగినవాడికీ కాలు విరిగినవాడికీ మాటలుంటాయి. యౌరినే తీసుకెళ్దాం."

మర్నాడు పొద్దెక్కాక మా ఆయన యౌరిని వీపున వేసుకుని కొండెక్కాడు. బద్దలు కట్టిన కాలు ముందుకి చాచుకుని ఉంది, ఎదురొచ్చిన వాళ్ళంతా తప్పుకున్నారు.

"ఇన్నాళ్ళు కూర్చోబెట్టి మేపితే మనిషి ఇంత బరువవుతాడా" అన్నాడు మా ఆయన. "పెద్దాయనే నయం."

"ఆయన్ని పడేశాం బావా. నన్ను పడేయకు."

"పడేశాం కాదు. పడేశావు."

గుహ ముందు ఎండ పడే చోట పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా యౌరిని కూర్చోబెట్టారు. లక్సా మామ పక్కన నిలబడ్డాడు. చుంపి అత్త అడక్కుండానే పెద్దాయన బట్టలు తొడదాకా తొలగించి, యౌరి చెయ్యి పట్టుకుని ఆ బొడిపె మీద పెట్టింది. లక్సా మామ వద్దనబోయి ఊరుకున్నాడు.

యౌరి వేళ్ళతో అటూ ఇటూ తడిమాడు. వాడికి మొదట అర్థం కాలేదు. తర్వాత తన పిక్క మీద బద్దల సందులోంచి వేలు పోనిచ్చి, తన బొడిపె తడుముకున్నాడు. మళ్ళీ ఆయనది.

"ఈయనది నా దానికన్నా పెద్దది" అన్నాడు.

"తొడ కదా" అంది చుంపి అత్త. "నీకన్నా ఎక్కువకాలమే పడుకుని ఉంటాడు."

"పడుకున్నాడా? పెద్దాయన?"

"పడుకోకపోతే అతకదు."

యౌరి చాలాసేపు ఆయన మొహం మీది గుడ్డ వైపు చూశాడు. మా ఆయన నెత్తిమీది గుంట తడుముకున్నాడు. తర్వాత వాడు, పక్కింటి ముసలాయనతో మాట్లాడినట్టు, మెల్లగా అడిగాడు.

"తాతా, మీకు కుండ ఎవరు తీశారు?"

ఎందుకో అప్పటిదాకా, ఆయనకి కూడా ఒక అక్క ఉండి ఉంటుందని నాకు తోచలేదు.

వాడింకా అడిగాడు. లేచిన రోజు కళ్ళు తిరిగాయా అని. దురద పెడితే ఏం చేసేవారని. జారి పడేసినందుకు కోపంగా ఉందా అని. చివరికి, "ఇంక నేను లేవచ్చా తాతా?" అన్నాడు.

లక్సా మామ వంగి, గుడ్డకి చెవి ఆనించాడు. ఆయన మోకాళ్ళకి అలా వంగి ఉండటం కష్టం. అయినా ఉన్నాడు. ఎండ గుహ గోడ మీద నుంచి నేల మీదికి జారింది. కొండమీద ఎక్కడో పిల్లలు లామాలని అదిలిస్తున్న కేకలు వినిపించాయి. ఆయన నిటారుగా లేచాడు.

"ఏమన్నాడు?" అన్నాడు మా ఆయన.

"ఏమీ అనలేదు."

మా ఆయన యౌరిని మళ్ళీ వీపున వేసుకోవడానికి వంగాడు.

"వద్దని కూడా అనలేదు" అన్నాడు లక్సా మామ. చుంపి అత్త వైపు తిరిగి, "విప్పు చుంపీ. అడిగితే నేను విప్పమన్నానని చెప్పు. ఆయన పేరు చెప్పకు" అన్నాడు.

చుంపి అత్త అక్కడే కట్టు విప్పింది. యౌరి కాలు సన్నగా, తెల్లగా, పొలుసులు లేచి, పెద్దాయన కాలికి తమ్ముడిలా ఉంది. మోకాలు వంచమంటే కొంచెమే వంగింది. ఆవిడ దాన్ని వంచి, చాచి, వంచి, వాడు తిట్టిన తిట్లన్నీ తిన్నది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, ఆయన పిక్కకి లోపల సన్నటి కిత్తనార పుల్ల దూర్చి, చెట్టుజిగురు పూసి, పచ్చి లామా తోలు సాగదీసి చుట్టి కుట్టింది.

"ఇది ఆరితే రాయిలా బిగుస్తుంది" అంది లక్సా మామతో. "ఈయన కాలు కూడా అయిపోయింది. రేపు అడిగినవాళ్ళకి అతికిందని చెప్పొచ్చు, అబద్ధం కాదు."

ఊళ్ళో అదే చెప్పాం. ఎవరూ ఇంకేమీ అడగలేదు. అందరికీ బీడు విరిచే తొందర ఉంది.

యౌరి ముందు గోడ పట్టుకుని నడిచాడు, తర్వాత కర్ర పట్టుకుని నడిచాడు, తర్వాత కార్వా భుజం పట్టుకుని నడిచాడు. ఆమె భుజం అవసరం తీరాక కూడా కొన్నాళ్ళు పట్టుకున్నాడు. కాలు చుంపి అత్త చెప్పినట్టే పొట్టయింది. నడుస్తుంటే ఒక అడుగు అడిగినట్టు, ఒక అడుగు జవాబు చెప్పినట్టు ఉంటుంది.

పెద్దాయన పొలంలో మగాళ్ళంతా వరసగా నిలబడి తొక్కుడు నాగళ్ళు దించినప్పుడు, యౌరి విరిగి అతికిన కుడికాలు బదులు ఎడమకాలు పెట్టి తొక్కాడు. దాంతో వాడు పెళ్ళగించిన మట్టిగడ్డ అందరి గడ్డలకీ ఎదురువైపు తిరగబడింది. జతలో తొక్కుతున్న మా ఆయన ఆగిపోయాడు. ఎదురుగా గడ్డలు తిప్పడానికి కూర్చున్న కార్వా లేచి ఇటు వచ్చింది, నేను లేచి అటు వెళ్ళాను. ఇద్దరం మధ్యలో ఒకరికొకరు అడ్డం పడ్డాం.

"ఎటు తిప్పుతున్నావురా?" అన్నాడు మా ఆయన.

"ఈ కాలు ఇటే తిప్పుతుంది బావా. నువ్వే ఇటు రా."

"ఒక్కడి కోసం వరసంతా మారాలా?"

"వరసంతా అక్కర్లేదు. నువ్వొక్కడివి చాలు."

మా ఆయన గొణుక్కుంటూ కాలు మార్చుకున్నాడు. మర్నాటికి అలవాటైంది.

దుంపలు తవ్వే రోజుల్లో లక్సా మామ మోకాళ్ళు పట్టుకుని చుంపి అత్త దగ్గరికి వచ్చాడు. నేనక్కడే ఆవిడకి ఆకు నూరి పెడుతున్నాను. ఆవిడ మోకాళ్ళు నొక్కి, ఇది విరిగింది కాదు, అరిగింది, కట్టేది కాదు, కాచుకునేది అని చెప్పి, వేడి రాయి గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఆయన రాయి మోకాలి మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"నిన్న మాట్లాడాడు" అన్నాడు.

చుంపి అత్త తలెత్తింది. "ఏమన్నాడు?"

"పెద్ద విషయమేం కాదు" అన్నాడు లక్సా మామ. ఆయన మొహంలో మాత్రం పెద్ద విషయమే ఉంది. "పిక్క దురదగా ఉందన్నాడు."

చుంపి అత్త కాసేపు ఆలోచించింది.

"అది జిగురు వల్ల" అంది. "ఆ చెట్టు జిగురుకి కొందరికి దురద వస్తుంది. ఇంకెవరికైనా అయితే మార్చేదాన్ని. గోక్కోవద్దనండి."

లేచి లోపలికి వెళ్ళి, కాస్త లామా కొవ్వు ఆకులో పెట్టి తెచ్చి, ఎంత రాయాలో ఆయనకి చూపించింది.